గడప దాటిన చదువు

మన యిండ్లలో "చదువుకొను వయస్సు" అను మాట తరచుగా వినబడుచుండును. ఆ వయస్సు ఎప్పుడు మొదలగునో అందరికిని తెలియును. అక్షరాభ్యాసము నాడు పలకపై ఓనమాలు దిద్దించిన దినమున. ఎప్పుడు ముగియునో మాత్రము ఒక్కొక్క యింట ఒక్కొక్క తీరు. ఒక యింట పిల్ల పెద్దమనిషి యైన నాడు, మరియొక యింట తమ్ముడు పుట్టిన నాడు, వేరొక యింట తండ్రి పడవ మునిగిన నాడు. మగపిల్లవాని చదువు పరీక్షతో ముగియును. ఆడుపిల్ల చదువు ఇంటి యవసరముతో ముగియును. ముగిసిన పిదప ఎవ్వరైన ఆ ప్రస్తావన తెచ్చినచో, "మొక్కై వంగనిది మానై వంగునా?" అను సామెత సిద్ధముగా నుండును.

ఆ సామెత చెడునడతలను గూర్చి పెద్దలు చెప్పినదే కాని విద్యను గూర్చి చెప్పినది కాదని నా నమ్మకము. మా సముద్రతీరమున సర్వితోపులు మెండు. అందు మొక్కయు మానును గూడ గాలి వీచిన వైపునకు వంగుచునే యుండును. వంగనేరని చెట్టు తుపానునాడు విరిగి పడును. నెల్లూరు తీరమునకు నేను కాపురమునకు వచ్చిన యీ పదేండ్లలో, మానైన పిదప విద్యకు వంగినవారిని కొందరిని చూచితిని. వారిలో నేనును ఒకతెను. ఆ ముచ్చటయే యిప్పుడు మీకు చెప్పదలచితిని.

అమెరికా దేశమున "కమ్యూనిటీ కాలేజీ" అను విద్యాశాలలు కలవు. అందు మొదటిది 1901వ సంవత్సరమున ఇల్లినాయి రాష్ట్రములోని జోలియెట్ పట్టణమున వెలసెను. 1947లో ఆ దేశాధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘము ఇట్టివానిని దేశమంతట నెలకొల్పవలెనని చెప్పుటతో ఆ పేరు వాడుకలోనికి వచ్చెను. పగలు కూలికి పోయి రాత్రి చదువువారు, బిడ్డల తల్లులు, నడుమ చదువు మానినవారు అచ్చట చేరుదురు. మనకు పొరుగుననున్న పుదుచ్చేరి విశ్వవిద్యాలయము 1995లో అట్టి కళాశాల నొకదానిని స్థాపించెను. 2013లో మన దేశపు యూజీసీవారు గూడ ఆ పేరిట ఒక పథకమును తెచ్చిరి. వానియన్నిటి తాత్పర్యము ఒక్కటియే: విద్యార్థి విద్యాలయమునకు తగినట్లు తన బ్రతుకును మలచుకొనుట గాక, విద్యాలయమే విద్యార్థి బ్రతుకునకు తగినట్లు తన వేళను మార్చుకొనుట.

మా యూర అట్టి బోర్డు లేదు. కాని పని వేరొక పేరున జరుగుచున్నది. దానిని మా వైపు "ఓపెను స్కూలు" అందురు. కాగితములలో సార్వత్రిక విద్యాపీఠము. 1979లో ఢిల్లీలో ఒక చిన్న ప్రయత్నముగా మొదలైన యీ పద్ధతి, 1991లో ఆంధ్రప్రదేశమున ప్రత్యేకముగా ఒక సంస్థగా ఏర్పడినది. పదునాలుగేండ్లు నిండినవారు పదవ తరగతికి చేరవచ్చును. పైవయస్సునకు హద్దు లేదు. విషయములు ఐదు. అన్నియు ఒక్కసారి గట్టెక్కనక్కరలేదు. రెండు గట్టెక్కిన ఆ రెండును నిలిచియుండును. తక్కినవి మరల వ్రాసికొనవచ్చును. సెలవుదినములందు ఏదేని ఉన్నత పాఠశాలలో తరగతులు జరుగును. అంతకు పూర్వమే, 1982లో, దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము హైదరాబాదున వెలసి, ఏ సర్టిఫికెట్టును లేనివారికి గూడ ఒక అర్హతాపరీక్ష పెట్టి పట్టభద్రులగు దారి చూపియుండెను. కావున తలుపు లేదని యెవ్వరును అనజాలరు. తలుపు తెరచియే యున్నది. ఇంటి గడప దాటి ఆ తలుపు వరకు నడచుటయే కష్టము. ఈ వ్యాసమున నేను చెప్పదలచినదెల్ల ఆ గడపను గూర్చియే.

మొదట నా సంగతి. మా తండ్రిగారు సంస్కృతాంధ్రములు చదివినవారు. మమ్ము బడికి పంపక తామే పాఠము చెప్పిరి. అమరము వల్లించితిని. రఘువంశమున ఐదు సర్గలు, భారతమున విరాటోద్యోగపర్వములు పంక్తి పంక్తికి అర్థము చెప్పగలిగినంత చదివితిని. వివాహమైన పిదప మావారి యుద్యోగమును బట్టి, పినాకిని సాగరమున కలియు తావునకు ఉత్తరముగా నున్న యీ గ్రామమునకు వచ్చితిమి. మావారు ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు. ఒకప్పుడు ఏదో పనికై నేనొక కార్యాలయమున కాగితము నింపవలసివచ్చెను. అందు "విద్యార్హత" అను గడి యున్నది. అచ్చటి గుమాస్తా, "ఎంతవరకు చదివినారమ్మా?" అని అడిగెను. రఘువంశము ఐదు సర్గలని చెప్పితిని. ఆయన కొంతసేపు నా మొగము చూచి, మర్యాదగానే, "అది ఏ తరగతి క్రిందికి వచ్చునమ్మా?" అనెను. ఏ తరగతి క్రిందికిని రాదు గనుక ఆ గడిలో "నిల్" అని వ్రాసికొనెను.

ఆ మాట పట్టుకొని నేను బాధపడితినని తలపవలదు. ఆయన తన పని తాను చేసెను. కాని ఇంటికి వచ్చిన పిదప, మా వీథిలోని ఎందరు స్త్రీల పేర్ల ప్రక్కన ఇదే మాట వ్రాయబడియున్నదో యని ఆలోచన పుట్టెను. చేపలు తెచ్చునామె లెక్కలో ఎన్నడును తప్పి యెరుగదు. ఆమె పేరున గూడ "నిల్". నాకును ఆమెకును ఆ గడిలో ఒకటే స్థానము.

ఆ సంవత్సరము మా మండల కేంద్రమునందలి పాఠశాలలో నలుగురము పదవ తరగతికి పేర్లు వ్రాయించుకొంటిమి. తక్కిన మువ్వురను గూర్చి చెప్పెదను. పేర్లు చెప్పను, వారికి అది యిష్టము లేదు.

మొదటియామె చేపలు అమ్మునది. నలుబదేండ్లు. ఐదవ తరగతి వరకు చదివి, తల్లికి జబ్బు చేసిన నాడు గంప నెత్తికెత్తుకొన్నది. తెల్లవారుజామున పడవలు వచ్చువేళకు రేవున నుండి, పాటలో చేపలు కొని, మంచు వేయించి, ఆటోలో టౌనునకు పోయి వీథి వీథి తిరిగి అమ్ముకొని, రెండుజాములకు ఇల్లు చేరును. రెండవయామె ముప్పదేండ్లది. 2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీ ఆదివారము నాడు సముద్రము ఊరిమీదికి వచ్చినప్పుడు ఆమెకు పదేండ్లు. వారి కుటుంబములో ప్రాణనష్టము లేదు. కాని పడవ పోయినది, వలలు పోయినవి. తల్లిదండ్రులు కూలికి పోగా తమ్ముళ్లను సాకుటకు ఈమె బడి మానినది. నాలుగు నెలలే యనుకొన్నారు; ఇరువదేండ్లైనది. ఇప్పుడు రొయ్యలు ఒలుచు షెడ్డులో పనిచేయుచున్నది. దినమంతయు మంచులో చేతులుంచుటచే వ్రేళ్లు పగిలి, సాయంకాలము కలము పట్టుకొన్నచో నెత్తురు చెమర్చును. మూడవది పందొమ్మిదేండ్ల పిల్ల, యానాది కుటుంబము. సంక్షేమ వసతిగృహములో నుండి ఎనిమిదవ తరగతి చదువుచుండగా పెండ్లి చేసిరి. చంకన బిడ్డ.

సాయంకాలము ఏడుగంటలకు మా యింటి వసారాలో చేరుచుంటిమి. నేను తెలుగు చెప్పుదాననని అందరును తలచిరి, నేనును తలచితిని. మూడు దినములకే ఎవరు ఎవరికి చెప్పుచున్నారో తెలియకుండ పోయెను.

లెక్కల పుస్తకమున లాభనష్టముల అధ్యాయము వచ్చెను. పుస్తకపు లెక్కలు ఎక్కుట లేదని మావారు చేపల లెక్కయే ఒకటి వేసిరి: పదునెనిమిది కిలోల చేపలు రెండువేల ఏడువందలకు కొంటివి, మంచునకు నూటయేబది, ఆటోకు నూరు, రెండు కిలోలు చెడిపోయినవి, తక్కినది కిలో రెండువందల ఇరువదికి అమ్మితివి, లాభమెంత? నేను కాగితము మీద గీతలు గీయుచుండగనే చేపలామె, "ఐదొందల డెబ్బై" అన్నది. సరిగానే యున్నది. "నూటికి ఎంత?" అని వారు అడిగిరి. అచ్చట ఆగిపోయినది. "నూటికెందుకయ్యా? నేను పెట్టింది రెండువేల తొమ్మిదొందల యాభై గదా!" అన్నది. శాతమన నేమో రెండుదినములు చెప్పినను ఆమె తలయూచుటయే గాని మనస్సున పట్టలేదు. మూడవనాడు మావారు, "మీ సావుకారి వద్ద అప్పు తెచ్చినచో వడ్డీ యెంత?" అని అడిగిరి. "నూటికి మూడు." "అదియే శాతము." ఆమె ఒక నిమిషము ఊరకుండి, తరువాత పకపక నవ్వి, "వడ్డీ అని మొదుటే చెప్పరాదా అయివోరా! దీన్ని మోసి మోసి నా మెడ వంగిపొయ్యిందే!" అన్నది. నాటినుండి ఆ యధ్యాయములో ఆమెకు తిరుగు లేదు. నాకు మాత్రము ఇప్పటికిని కాగితము కావలెను.

సామాన్యశాస్త్రమున ఆటుపోట్లను గూర్చిన పాఠము వచ్చినప్పుడు చిన్నపిల్ల వంతైనది. చంద్రుని యాకర్షణ యని నేను చదువుచుండగా, పౌర్ణమికి అమావాస్యకు పోటు ఎక్కువ యనియు, అష్టమినాడు నీరు మందముగా నుండుననియు, ఏ తిథినాడు మొగలో పీతలు ఎచ్చట దొరకుననియు ఆమె వరుసగా చెప్పెను. పుస్తకములోని బొమ్మ చూచి, "ఓహో, ఇందుకా!" అని మాత్రము అన్నది. ఆ పిల్లకు పాఠము క్రొత్త కాదు. కారణము మాత్రమే క్రొత్త. అప్పుడు నాకు తోచెను: మనము నిరక్షరాస్యులందుము, చదువు లేనివారందుము, వీరికి లేనిది తెలివి కాదు, తమకు తెలిసినదానికి పుస్తకమున ఏ పేరున్నదో ఆ యెరుక మాత్రమే.

ఈ మాట మా జిల్లాకు క్రొత్తది గాదు. పదమూడవ శతాబ్దమున మనుమసిద్ధి మంత్రి తిక్కన సోమయాజి ఈ పినాకినీ తీరముననే భారతము పదునైదు పర్వములు రచించెను. ఆయన చెప్పుచుండగా ఆ పద్యములను తాటాకుల మీద వ్రాసినవాడు గురునాథుడను కుమ్మరి యని మనవారిలో ప్రతీతి కలదు. ఆ కథ నిజమైనను కాకున్నను, అంతటి గ్రంథము మట్టి త్రొక్కిన యింటివాని చేతిమీదుగా వచ్చినదని మన పెద్దలు నమ్మి చెప్పుకొనుటయే నాకు ముచ్చట గొల్పును.

తరువాతి కాలమున ఈ జిల్లాలోనే పొణకా కనకమ్మగారుండిరి. 1892లో జన్మించిరి. తొమ్మిదవ యేటనే పెండ్లియై పొట్లపూడి చేరిరి. బడి మెట్లెక్కకయే ఇంటనే తెలుగును సంస్కృతమును హిందీని నేర్చి, వ్యాసములు, పద్యములు వ్రాసిరి. 1930లో చెరసాలకు పోయిరి. తమకు దొరకని బడి ఇతర బాలికలకు దొరకవలెనని 1923లో నెల్లూర కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించిరి. ఆ భవనమునకు 1929లో గాంధీ మహాత్ముడు శంకుస్థాపన చేసెను. ఆమె 1963లో స్వర్గస్థులైరి. ఆమె స్వీయచరిత్ర "కనకపుష్యరాగము" 2011లో గాని అచ్చు కాలేదు. ఇంటి చదువు వ్యర్థము కాదని నాకు ధైర్యము చెప్పినది ఆమె జీవితమే. ఇంటి చదువే చాలునని ఊరకుండరాదని చెప్పినదియు అదియే.

ఇక దుర్గాబాయమ్మగారి సంగతి మీకందరికి తెలిసినదే యైనను, ఒక్క అంశము చెప్పక తప్పదు. రాజమండ్రిలో 1909లో పుట్టి, ఎనిమిదవ యేట పెండ్లియై, పెద్దయైన పిదప ఆ బంధము నుండి విడివడి, ఉప్పు సత్యాగ్రహమున చెరసాల చూచి వచ్చిన పిదపనే ఆమె మెట్రిక్యులేషనుకు కూర్చుండిరి. కాశీ విశ్వవిద్యాలయపు పరీక్ష అది. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరబోగా ఆడువారికి వసతి లేదన్నారు. ఆమె తనవలె చదువదలచిన బాలికలను వెదకి కూడగట్టి, వసతి తామే ఏర్పరచుకొని, చేరిరి. చెన్నపట్టణమున తమ యింట నాలుగు గోడల నడుమ, తప్పిపోయిన చదువును మరల పట్టుకొనదలచిన స్త్రీలకు అదే కాశీ పరీక్షకు పాఠములు చెప్పించిరి. దానినుండియే 1937లో ఆంధ్ర మహిళాసభ పుట్టినది. స్వరాజ్యము వచ్చిన పిదప 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. 1958లో ఆ మండలి పక్షమున, నడుమ బడి మానిన స్త్రీలకు రెండేండ్లలో మెట్రిక్యులేషను వరకు చెప్పు సంక్షిప్త విద్యాక్రమము మొదలైనది. మా వసారాలో నలుగురము చేయుచున్నది ఆమె త్రొక్కిన త్రోవయే. ఆమె చదువు మాత్రమే కోరలేదు. చదువుటకు తావును, వేళను గూడ వెదకి యిచ్చిరి. ఇదియే గమనింపవలసినది.

ఏలయనగా, మా నలుగురిలో ఎవ్వరికిని పుస్తకము భయము కాలేదు. రుసుము భారము కాలేదు. ఒక్క గంట భారమైనది. సాయంకాలము ఏడుగంటలనగా ఏ యింట నైనను పొయ్యి వెలిగించు వేళ. మగవారు ఇల్లు చేరు వేళ. బిడ్డలు నిద్రకు ఏడ్చు వేళ. ఆ గంట ఆడుదానిది కాదు. దానిని ఆమెకు ఇచ్చుటకు ఇంటిలో వేరొకరు తమ గంటను విడువవలెను.

చేపలామెకు అత్తగారున్నది. మొదటి మాసము ఆ ముసలామె మా వాకిట నిలిచి, "సంతకం చేసేది వచ్చు గదా, ఇంకేం కావాల దీనికి? ఎండుచేపలు ఎవురు తిరగెయ్యాల? పొద్దుగూకినాక పలుగాకి మాదిరి ఈ తిరుగుడేంది?" అని పెద్దగా అరచినది. కోడలు పుస్తకము ముడిచి లేచి పోయినది. ఎనిమిది దినములు రాలేదు. చదువు ముగిసినదనియే తలచితిని. ఆమె లెక్కల పుస్తకము మా వసారా గూటిలో నుండిపోయెను.

నేను ఆ యింటికి పోయితిని. వాదించుటకు కాదు, వారింట చిన్నవానికి జ్వరమని విని మందు పట్టుకొని పోయితిని. ముసలామె చేపలు తిరుగవేయుచు కూర్చుండియున్నది. నేనును ప్రక్కన కూర్చుంటిని. మాటలలో ఆమె చిన్ననాటి సంగతులు వచ్చినవి. సోదరీమణులారా, మా జిల్లాలో ఈ శతాబ్దమునకు ముందు జరిగిన ఒక గొప్ప సంగతి ఇచ్చట చెప్పవలెను. కేరళలోని ఎర్నాకుళము జిల్లా 1990లో సంపూర్ణాక్షరాస్యత సాధించినదని పేరు పొందిన పిదప, ఆ యుద్యమము మా నెల్లూరు జిల్లాకును వచ్చినది. ఊరూర రాత్రిబడులు పెట్టిరి. లాంతరు వెలుతురున కూలినాలి స్త్రీలు అక్షరములు దిద్దిరి. వారి వాచకమునందలి ఒక పాఠము సారాయిచే చెడిన సంసారమును గూర్చినది. ఆ పాఠము చదివినవారు అది తమ కథయే యని గుర్తించిరి. దూబగుంటలో స్త్రీలు ఏకమై సారాయి దుకాణమును మూయించిరి. 1992 నాటికి ఆ నిప్పు జిల్లా యంతటను వ్యాపించెను. 1993 అక్టోబరు 1వ తేదీ నుండి రాష్ట్రమంతట ప్రభుత్వము సారాయిని నిషేధించెను. ఆ వెనుకనే ఈ జిల్లా స్త్రీలు దినమునకొక రూపాయి దాచుకొను పొదుపు సంఘములు కట్టిరి. అక్షరము నేర్చిన చేయి ఊరకుండదని అప్పుడు లోకము చూచినది.

ఆ ముసలామె ఆ రాత్రిబడిలో చదివినదియే. మా ఊరి సారాయి సీసాలు పగులగొట్టినవారిలో తానొకతెనని నాకు చెప్పునప్పుడు ఆమె కన్నులు మెరసినవి. "అప్పుడు రాత్రి పూట మిమ్ము మీ యింటివారు పోనిచ్చిరా?" అని అడిగితిని. ఆమె చేతిలోని చేపను క్రింద పెట్టినది. కొంతసేపటికి, "మా అత్త పొమ్మనింది. లాంతరు పట్టుకోని వాకిలిదాకా వచ్చేది. బిడ్డల్ని ఆమే పండబెట్టేది" అన్నది. నేనేమియు అనలేదు. అనవలసిన పని లేకపోయెను.

మరునాడు ఏడుగంటలకు చేపలామె వచ్చినది. వెనుకనే ముసలామె టార్చిలైటు పట్టుకొని వచ్చి, వసారా మెట్టు మీద కూర్చుండి, "కానీండి, కానీండి. నేనిక్కడ గాలికి కూర్చోనుంటా" అన్నది. నాటినుండి దినమును వచ్చుచుండెను. యానాది పిల్ల బిడ్డ ఏడ్చినచో తానే ఎత్తుకొని వీథిలో త్రిప్పుచుండెను.

మాకు మరియొక సాయము సముద్రము చేసినది. ఏటేట ఏప్రిలు 15 నుండి జూను 14 వరకు అరువదియొక్క దినములు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని, తూర్పుతీరమున మరపడవలకు వేట నిషేధము. మగవారు గట్టుననే యుందురు. ఇంటికి రాబడి తగ్గును. కాని చేతులు పెరుగును. ఆ దినములలో చేపలామె భర్త మొదట వలలు కుట్టుకొనుచు ముభావముగా నుండెను. పిమ్మట అన్నము తానే వార్చుకొనసాగెను. "నాకు వండేది రాదని ఎవురన్నారు? పడవలో నేనే గదా వండేది!" అని ఆయనయే నవ్వెను. వారమేసి దినములు సముద్రము మీద వండుకొని తినువారు గట్టు చేరగనే ఆ విద్య మరచిపోవుట మన కుటుంబములందలి వింతలలో ఒకటి.

ఫలితములు చెప్పక ముగించిన న్యాయము కాదు. చేపలామె ఐదింట మూడు గట్టెక్కినది; గణితమున మా అందరికంటె మిన్న. ఇంగ్లీషును సామాన్యశాస్త్రమును మిగిలినవి. యానాది పిల్ల నాలుగు గట్టెక్కినది. నేను నాలుగు గట్టెక్కి గణితమున తప్పితిని. గణితోపాధ్యాయుని యిల్లాలనని ఊరంతయు నవ్వుచున్నది, నవ్వనిండు. మా వసారాలో ఇప్పుడు నాకు శాతములు చెప్పుచున్నది చేపలామెయే.

రొయ్యల షెడ్డు ఆమె పరీక్షకు రాలేదు. ఆ మాసముననే ఆమెకు రాత్రి పని వేసిరి. కాదన్నచో పని పోవును, పని పోయినచో ఇల్లు గడువదు. ఇంట పెద్దవారు లేరు. గంట విడుచుటకు ఎవ్వరును లేరు. ఆమె ఎంత చదువరియో నాకు తెలియును. చరిత్ర పాఠము ఒక్కసారి విన్నచో మరల చెప్పగలదు. ఆమె పుస్తకములు ఇంకను మా గూటిలోనే యున్నవి. నమోదు చేసిన పేరు ఇంకను చెల్లును గనుక మరల పిలిచితిమి. "చూస్తానమ్మా" అన్నది. ఆమె చూడదలచుకొన్నను చూచుటకు వేళ ఎవరు ఇత్తురు? ఈ వ్యాసము వ్రాయుటకు నన్ను పురికొల్పినది గట్టెక్కిన మువ్వురి సంతోషము కంటె ఆ గూటిలోని పుస్తకములే. ఇప్పుడు మా ముసలామెయు నేనును ఆదివారములు మధ్యాహ్నము ఆమె యింటికే పోవుచున్నాము. ముసలామె అంట్లు తోమును, నేను పాఠము చదువుదును, ఆమె వినును. వ్రేళ్లకు కొబ్బరినూనె పట్టించి గుడ్డ చుట్టుకొని రెండు పంక్తులు వ్రాయును. పైయేడు పరీక్షకు రెండు విషయములకైనను కూర్చుండవలెనని మా ప్రయత్నము. కాగలదో లేదో చెప్పజాలను.

కావున, సోదరీమణులారా, మీ యింట ఒక్కసారి కలయజూడుడు. మీ కోడలు పదవ తరగతి నడుమ మానినదేమో. మీ యింట అంట్లు తోము పిల్ల ఏడవ తరగతి చదివినదేమో. వాకిట చేపలు తెచ్చునామె, పూలు తెచ్చునామె లెక్కలో మీకంటె చురుకేమో. ఆమెతో "చదువుకొనుము" అని చెప్పిన చాలదు. ఆ మాట ఆమె చాలమారు వినియుండును. సమీపమునందలి ఉన్నత పాఠశాలకు పోయి ఓపెను స్కూలు ప్రవేశములు ఎప్పుడో మీరే అడిగి తెలిసికొని, కాగితము నింపుటకు తోడుకండు. అటుపైని దినమునకు ఒక గంట ఆమె బిడ్డను ఎత్తుకొనుడు, లేదా ఆమె పొయ్యి మీది అన్నము దించుడు. కోడలైనచో ఆ వేళకు పని చెప్పకుండుడు. పనిమనిషి యైనచో ఆ గంటకు జీతము కోయకుండుడు. మగవారు పడవలో వండగలిగినచో ఇంటను వండగలరని మెల్లగా గుర్తుచేయుడు.

పుణ్యమునకు దానములు చాల చెప్పబడినవి. అన్నదానము చేయుచున్నాము, వస్త్రదానము చేయుచున్నాము. వేళ నిచ్చుట ఏ దానమో నాకు తెలియదు గాని, అది లేనిదే ఆడుదాని విద్య మొదటి పాఠము దాటుట నేను చూడలేదు.